తాబేలు గొంతుకి ఒక పేరు

టీవీ చూస్తూ చూస్తూ రిమోటు మీది ఒక చిన్న బటను నొక్కితే తెర అడుగున ఒక పట్టీ లేస్తుంది. ఇప్పుడు వస్తున్నదేమిటి, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయిపోతుంది, పిల్లలు చూడొచ్చా, ఎవరు నటించారు, ఎవరు తీశారు, కథేమిటి, అన్నీ రెండు ముక్కల్లో ఉంటాయి. మనం దాన్ని చదివీ చదవనట్టు చదివి, మళ్ళీ నొక్కి మాయం చేస్తాం. అది ఆకాశం నుంచి ఊడిపడిందనుకుంటామో, టీవీ పెట్టెలోనే పుట్టిందనుకుంటామో గానీ, ఎవరో ఒకరు కూర్చుని రాస్తేనే అక్కడికి వచ్చిందన్న ఆలోచన మాత్రం మనకి చచ్చినా రాదు. అలా రాసేవాళ్ళలో ఒకావిడ కథ ఇది.

ఆఫీసులో ఆవిణ్ణి రూల్సక్క అనేవాళ్ళు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తరవాత్తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆవిడ పలకడమూ మొదలుపెట్టింది. ఇంక అసలు పేరుతో పనేముంది?

ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది. కింద టైర్ల దుకాణం కావడంతో మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, పైకెళ్ళాక ఎముకలు కొరికే ఏసీ చలి. ఎండాకాలంలో కూడా ఆవిడ కుర్చీకి ఒక శాలువా వేలాడుతుండేది. గోడకి వరసగా టీవీలు, అన్నీ మూగవే. ఎవరి చానెళ్ళని వాళ్ళు ఓ కంట కనిపెట్టుకుంటూ పని చేసుకోవాలి.

పని చెప్పుకోవడానికి తేలికే. తెర మీద ఆ పట్టీలో పడే వివరాల్ని గైడు అంటారు, దాన్ని తయారుచేసి పంపడం. ప్రతి చానెలూ తన కార్యక్రమాల వివరాలు పంపుతుంది. ఒక చానెలు చక్కగా గళ్ళు గీసి పంపుతుంది. ఇంకొకటి ఫోను చేసి, రేపటిది నిన్నటిలాగే, సాయంత్రం సినిమా ఒక్కటీ మార్చుకోండి అని పెట్టేస్తుంది. మూడోది ఏమీ పంపదు, అడిగితే పంపాం కదండీ అంటుంది. ఈ గందరగోళాన్నంతా ఒకే అచ్చులో పోయాలి. ఎందుకంటే దీన్ని అందుకునే కేబులు కంపెనీలు బోలెడు, వాళ్ళు ఇళ్ళల్లో పెట్టిన పెట్టెలు రకరకాలు, ఏ పెట్టెకైనా అర్థమయ్యేలా ఉండాలి. ఆ అచ్చు ఎలా ఉండాలో చెప్పే లావుపాటి ప్రమాణాల పుస్తకం ఒకటుంది. పేరు ఎక్కడ రాయాలి, వేళ ఎలా రాయాలి, కథ ఎన్ని అక్షరాలు దాటకూడదు, మనుషుల పేర్ల పక్కన ఏ కోడు వెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. నటుడికో కోడు, దర్శకుడికో కోడు, రాసినవాడికొకటి, వ్యాఖ్యాతకొకటి. రాసిందంతా పరీక్షించే ప్రోగ్రాం ఒకటుంది. తప్పుంటే ఆ వరస ఎర్రగా మారుతుంది, సరిగ్గా ఉంటే పచ్చగా.

రూల్సక్క పుట్టుకతోనే రూల్సక్క కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చానెలాయన బతిమాలాడని ఒక సినిమా పేరు పక్కన చిన్న చుక్కలాంటి బొమ్మ పెట్టింది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని. ఆ బొమ్మ పుస్తకంలో లేదు. కొత్త పెట్టెలు దాన్ని మింగేసి ఊరుకున్నాయి. పాత పెట్టెలకి మాత్రం అది గొంతులో అడ్డం పడింది. ఒక పేద్ద మ్యాచీ ఆఖరి ఘట్టంలో ఉండగా సగం ఊరి టీవీలు బిగుసుకుపోయాయి. మర్నాడు మేనేజరు ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టి పెట్టిన చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆవిడ బాత్రూంలోకెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ప్రమాణాల పుస్తకం మొదటి పేజీ తెరిచింది. అప్పట్నుంచీ ఆ పుస్తకం ఆవిడకి వేదవాక్కు. పుస్తకంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆవిడ భర్త డబ్బింగు చెప్పేవాడు. వేరే భాషల నుంచి తెచ్చిన సీరియళ్ళలో డాక్టరొస్తే ఆయనే, లాయరొస్తే ఆయనే, రౌడీ వెనకాల నిలబడే నలుగురిలో ముగ్గురు ఆయనే. ఆపరేషను గదిలోంచి కళ్ళద్దాలు తీస్తూ బయటికొచ్చి "మా చేతుల్లో ఏమీ లేదండీ" అనే మాట జీవితంలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ గొంతుని మనందరం విన్నాం, ఎవరిదా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

అలాంటాయనకి ఒక తాబేలు దొరికింది. పిల్లల బొమ్మల సీరియల్లో చెరువు చుట్టూ బస్సు నడిపే తాబేలు. ఎక్కేది కప్పలూ బాతులూ. బస్సు ఎప్పుడూ ఆలస్యమే, ఎక్కినవాళ్ళు ఎప్పుడూ గొణుగుడే. అసలు భాషలో ఆ తాబేలు పెద్దగా మాట్లాడేది కాదు, నోరు కదిపి చిన్నగా గొంతు సవరించుకునేదంతే. కదిలే నోట్లో ఏదో ఒకటి పడాలి కదా అని మొదటి రోజు రికార్డింగులో ఈయన తనకి తోచింది అనేశాడు. "తొందరేం లేదు, నేనున్నాగా" అని, ఎంతో నిదానంగా, ప్రతి మాటా కాస్త వేడి తగిలించి పంపినట్టు. అద్దం అవతల కూర్చున్న ఇంజినీరు కడుపు చెక్కలయ్యేలా నవ్వి, అలాగే ఉంచేశాడు. ఏడాది తిరక్కుండా ఆ మాట పిల్లల నోళ్ళలో నానిపోయింది. అన్నానికి రమ్మంటే తొందరేం లేదు నేనున్నాగా, బడికి టైమైందంటే తొందరేం లేదు నేనున్నాగా. తల్లులు విసుక్కుంటూ విసుక్కుంటూ తామే అనడం మొదలుపెట్టారు.

ఇంత జరిగినా ఆయన పేరు ఎక్కడా లేదు. బొమ్మల కథ చివర్లో అసలు భాషవాళ్ళ పేర్లు పరిగెడతాయి, చానెలువాళ్ళు వాటిని కూడా కత్తిరించి సబ్బు ప్రకటన వేసుకుంటారు. ఆయన గింజుకునే మనిషి కాదు. ఒకసారి మాత్రం భోజనాల దగ్గర, ఏదో గుర్తొచ్చినట్టు, నీ గైడులో నా పేరు పెట్టకూడదూ అని అడిగాడు.

"ఏ కోడు కింద పెట్టమంటారు? డబ్బింగు చెప్పినవాళ్ళకి కోడు లేదు" అంది ఆవిడ.

నటుడని పెట్టమన్నాడాయన, గొంతుతో చేసేదీ నటనే కదా అని. నటుడంటే తెర మీద కనిపించేవాడని పుస్తకంలో రాసుందని ఆవిడ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, నిజమే, తాబేలు కనిపిస్తోంది, నేను కనిపించట్లేదు అని నవ్వి, మజ్జిగ పోసుకున్నాడు. ఆ నవ్వు చూసి ఆవిడ సరిపెట్టుకున్నాడనుకుంది. పన్నెండేళ్ళు కాపరం చేసిన మనిషి మొగుడి నవ్వుని అంత తేలిగ్గా నమ్మేసిందంటే ఏమనాలి?

వాళ్ళకి ఒక్కతే కూతురు. అప్పటికి చిన్న తరగతుల్లో ఉంది. మా నాన్నే తాబేలు అని బళ్ళో చాటింపు వేసింది. ఎవరూ నమ్మలేదు. తండ్రి ఒకరోజు బడి గేటు దగ్గరికెళ్ళి తాబేలు గొంతుతో మాట్లాడాడు. పిల్లలు నవ్వారు గానీ, మా బాబాయి కూడా ఇలాగే అంటాడు, మా డ్రైవరు కూడా అంటాడు అన్నారు. అదీ నిజమే. ఊళ్ళో ఆ గొంతు పెట్టనివాడంటూ లేడు. ఒక పిల్ల అయితే ఇంకో మెట్టెక్కి, మా అమ్మ టీవీలో బటను నొక్కి చూసింది, మీ నాన్న పేరు లేదు అని తేల్చేసింది. దాంతో తీర్పు అయిపోయింది. పిల్ల ఇంటికొచ్చి పుస్తకాల సంచీ ఒక మూలకి విసిరి, అమ్మ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు సంగతి రూల్సక్క ఆఫీసులో పక్క సీటాయనకి చెప్పుకుంది. అతన్ని సర్దుబాటు అనేవాళ్ళు, దేన్నయినా సర్దేస్తాడని. తరవాతి వారం ఆవిడకి జ్వరమొచ్చి రెండు మూడు రోజులు రాలేదు. ఆవిడ చానెళ్ళు కూడా అతనే చూశాడు. చూస్తూ చూస్తూ, ఆదివారం వచ్చే తాబేలు ఎపిసోడుకి నటుడి కోడు కింద ఆవిడ భర్త పేరు చేర్చేశాడు. ప్రోగ్రాం పరీక్షించింది. పచ్చగా వచ్చింది. గైడు వారం ముందే ఇళ్ళకి పోతుంది కాబట్టి, ఆ సాయంత్రానికే ఆదివారం గడి మీదికెళ్ళి బటను నొక్కిన ప్రతివాళ్ళకీ ఆ పేరు కనిపించింది.

నొక్కినవాళ్ళలో కూతురు ఒకతి. అది సంబరం పట్టలేక నాన్నని లాక్కొచ్చి చూపించింది. ఆయన తెర దగ్గరగా వెళ్ళి తన పేరుని తాను చదువుకున్నాడు. పక్క గదిలో ఆవిడ దుప్పటి ముసుగెట్టుకుని పడుకునుంది. ఇద్దరూ ఆవిడే పెట్టిందనుకున్నారు. చెప్పకుండా పెట్టి, ఆదివారం మనం ఆశ్చర్యపోతే చూద్దామనుకుంటోంది, మనమూ ఏమీ ఎరగనట్టే ఉందాం అని తండ్రీ కూతుళ్ళు ఒప్పందం చేసుకున్నారు. కూతురు అమ్మ దగ్గర నోరు కుట్టేసుకుంది గానీ, బళ్ళో ఎందుకు ఊరుకుంటుంది? ఆదివారం మా ఇంటికి రండి, మీ కళ్ళతో మీరే చూద్దురుగాని అని స్నేహితుల్ని పిలిచింది.

జ్వరం తగ్గి ఆఫీసుకెళ్ళిన రూల్సక్క, అలవాటు ప్రకారం తాను లేనప్పుడు పంపినవన్నీ మళ్ళీ తిరగేసింది. భర్త పేరు కనపడింది. ఒక్క క్షణం మనసు ఉప్పొంగిన మాట నిజం. ఆ వెంటనే మేనేజరూ, చీవాట్లూ, బిగుసుకుపోయిన టీవీలూ కళ్ళముందుకొచ్చాయి. సర్దుబాటుని పిలిచి కడిగేసింది. "ఎవరికి నష్టమక్కా? పచ్చగానే వచ్చిందిగా" అన్నాడతను. పచ్చగా వచ్చినంత మాత్రాన నిజమైపోదని, ఇంట్లో మనిషి కోసం రూలు వంచిందని రేపెవరైనా అంటే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని ఆవిడ అంది. ఆ పేరు తీసేసి, సరిచేసిన గైడు పంపింది. ఇంటికెళ్ళి ఆ ఊసు కూడా ఎత్తలేదు. ఎత్తడానికి అందులో ఏముంది, ఒక తప్పు దిద్దింది, అంతే అనుకుంది.

ఆదివారం పొద్దున్న నలుగురు పిల్లలొచ్చారు. ఎందుకొచ్చారో ఆవిడకి తెలియదు. బిస్కెట్లు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. తాబేలు బస్సు హారను మోగింది, పాట వచ్చింది. కూతురు ఠీవిగా లేచి, తండ్రి వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసి నవ్వి, బటను నొక్కింది.

పట్టీ లేచింది. కార్యక్రమం పేరుంది, వేళ ఉంది, కథ ఉంది. పేర్ల దగ్గర ఖాళీ.

పిల్ల మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. వచ్చినవాళ్ళు బుద్ధిమంతులు, బిస్కెట్లు తిన్నారు. తండ్రికి క్షణంలో అంతా అర్థమైపోయింది. పరిస్థితి చక్కదిద్దుదామని తాబేలు గొంతుతో ఏదో అన్నాడు. నలుగురూ నవ్వారు, కూతురు నవ్వలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వే తీసేశావా?"

"అది తప్పు కోడమ్మా" అంది తల్లి.

నిజానికి ఆవిడ అబద్ధం చెప్పలేదు. అంతకన్నా ఏదైనా అబద్ధం చెప్పి ఉంటేనే బాగుండేదని తరవాత ఎన్నో ఏళ్ళు అనుకుంది. కూతురు ఆ రోజు నుంచి తాబేలు మాట ఎత్తలేదు. ఆ కార్యక్రమం వస్తుంటే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేది. భర్త ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే తానూ నాలుగు మాటలని, ఏడ్చి, తేలికపడేది. ఆ అవకాశం కూడా ఆయన ఇవ్వలేదు.

అయితే రూల్సక్క చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. ఏడుపు కూడా రూలు ప్రకారమే ఏడవాలనుకునే రకం. కోడు లేకపోవడమే కదా సమస్య, కోడు పుట్టిస్తే సరి అనుకుంది. ఆ ప్రమాణాల పుస్తకం రాసే సంఘం ఒకటుంది. అందులో ప్రసారాల కంపెనీలవాళ్ళూ, కేబులు కంపెనీలవాళ్ళూ, పెట్టెలు చేసేవాళ్ళూ ఉంటారు. ఎప్పుడో ఒకప్పుడు కలుస్తారు, టీ తాగుతారు, విడిపోతారు. డబ్బింగు చెప్పినవాళ్ళకి వేరే కోడు కావాలని ఆవిడ వాళ్ళకి రాసింది. రాసిన పద్ధతి సరిగ్గా లేదని తిప్పి పంపారు. పద్ధతిగా రాసింది. అంత అవసరం ఎవరికుందో చూపించమన్నారు. చూపించింది. తరవాతి సమావేశంలో చూద్దామన్నారు. ఆ తరవాతి సమావేశం వచ్చేసరికి అధ్యక్షుడు మారాడు, ఫైలు మళ్ళీ మొదటికొచ్చింది.

ఇలా ఏళ్ళు గడిచాయి. కూతురు పెద్దదైంది, చదువైంది, ఉద్యోగం వచ్చి వేరే చోట గది తీసుకుంది. తాబేలు మాత్రం బస్సు నడుపుతూనే ఉంది. ఎపిసోడ్లు తిప్పి తిప్పి వేస్తూనే ఉన్నారు, కొత్త పిల్లలు పుట్టి చూస్తూనే ఉన్నారు.

ఎట్టకేలకి కబురొచ్చింది. పుస్తకం కొత్త కూర్పులో డబ్బింగు గొంతుకి ఒక కోడు చేరింది. ఆవిడ ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చి భర్తకి చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, ఎప్పట్నుంచి అని అడిగాడు. కొత్త కూర్పు అమల్లోకి రావడానికి గడువుందని, ఈలోగా ఇష్టమున్నవాళ్ళు వాడి చూసుకోవచ్చన్నారని ఆవిడ చెప్పింది.

ఇక్కడే ఆవిడ ఆగింది. ఈ కథలో చెంపలు వేసుకోవలసిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే. సర్దుబాటు వచ్చి, ఇంకా ఆలోచిస్తారేంటక్కా, రేపే పెట్టెయ్యండి, ఇప్పుడు పుస్తకమే ఒప్పుకుందిగా అన్నాడు. ఆవిడకి పాత పెట్టెలు గుర్తొచ్చాయి. కొత్త కోడు అర్థంకాక ఏ పెట్టె బిగుసుకుపోతుందో అని భయపడింది. అన్ని కంపెనీలూ సిద్ధమయ్యాక, అమల్లోకి వచ్చే రోజునే, ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేకుండా పెడదామనుకుంది. ఇన్నేళ్ళు ఆగినవాళ్ళం, ఇంకొన్ని నెలలేగా అంది భర్తతో. ఆయన "సరేలే" అని దగ్గాడు. ఆ దగ్గు అప్పటికే కొంతకాలంగా ఉంది.

దగ్గు తగ్గలేదు. గొంతులో చిన్న గడ్డ అన్నారు, తియ్యాలన్నారు, తీశారు. ప్రాణానికి ఏం భయం లేదు, గొంతు మాత్రం ఇదివరకులా రాదు అని డాక్టరు చెప్పాడు. చెప్పిన తీరు ఆయనకి నచ్చలేదు. మాట్లాడ్డానికి వీలు చిక్కిన మొదటి రోజున ఆవిణ్ణి దగ్గరికి పిలిచి, గాలిలాంటి గొంతుతో, ఆ డైలాగు నేనైతే ఇంకా బాగా చెప్పేవాణ్ణి అన్నాడు. ఆవిడ నవ్వబోయి, నవ్వలేక, దుప్పటి సర్దింది. ఆ గాలే ఇంక ఆయన గొంతు. దగ్గర కూర్చున్నవాళ్ళకి తప్ప వినపడదు.

అప్పటికింకా పాత ఎపిసోడ్లున్నాయి కదా, వాటికైనా పెట్టొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. ఆవిడా అదే అనుకుని గుండె దిటవు చేసుకుంది. గడువు ఇంకొద్దిగా ఉందనగా చానెలు నుంచి ఒక కబురొచ్చింది. తాబేలు బొమ్మల్ని మరింత మెరుగ్గా చేసి కొత్తగా అమ్ముతున్నారు, కొత్త బొమ్మకి పాత గొంతు అతకడం లేదు, అందుకని మొదటినుంచీ అన్నిటికీ మళ్ళీ డబ్బింగు చెప్పించారు, వచ్చే నెలనుంచి అవే వస్తాయి. ఆవిడ చానెల్లో పనిచేసే అమ్మాయికి ఫోను చేసి, పాతవి ఒకటి రెండయినా వేస్తారా అని అడిగింది. ఎందుకండీ, కొత్తవి బ్రహ్మాండంగా ఉన్నాయి అంది ఆ అమ్మాయి.

వెనక్కి వెళ్ళి పాతవాటికి పేరు చేర్చడానికీ లేదు. గైడులో ఇవాళ ఉంటుంది, రేపు ఉంటుంది, వారం దాకా ఉంటుంది. అయిపోయినవన్నీ అయిపోయినట్టే రాలిపోతాయి. ఆవిడ చేతుల్తోనే అన్నేళ్ళు రాసి పంపిన ఆదివారాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు ఎక్కడా లేదు.

అమల్లోకి వచ్చే రోజు రానే వచ్చింది. చానెలువాళ్ళు ఈసారి బుద్ధిగా, కొత్త రూలు ప్రకారం, డబ్బింగు చెప్పిన మనిషి పేరు కూడా పంపారు. ఆవిడ పోరాడి పుట్టించిన కోడు కింద పడబోయే మొట్టమొదటి పేరు అది. తాబేలుకే. పేరు ఇంకొకరిది.

ఆవిడ చాలాసేపు ఆ వరస వంక చూస్తూ కూర్చుంది. ఒక్కసారి, ఒక్క ఆదివారానికి, ఆ పేరు తీసి భర్త పేరు పెడితే? ప్రోగ్రాం పచ్చగానే చూపిస్తుంది. దానికి మనుషులు తెలియదు. వేళ్ళు కదిలాయి కూడా. కానీ ఆ ఇంకొకతను చేసిన పాపమేమిటి? అతనికి కూడా ఒక ఇల్లుంటుంది, ఆ ఇంట్లో బటను నొక్కి చూసుకునేవాళ్ళుంటారు. ఖాళీ పట్టీ ముందు నిలబడ్డ తన పిల్ల గుర్తొచ్చింది. అతని పేరు ఉన్నదున్నట్టు పెట్టి పంపేసింది. జుట్టు తెల్లబడిపోయిన సర్దుబాటు వెనకాల నిలబడి అంతా చూశాడు. సర్దుబాటు చెయ్యడానికి అతనికీ ఏమీ దొరకలేదు. టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

ఆదివారానికి కూతురు వచ్చింది, నాన్నని చూసిపోదామని. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. బస్సు హారను మోగింది. తాబేలు మునుపటికన్నా మిలమిలలాడుతోంది. నోరు తెరిచి, తొందరేం లేదు నేనున్నాగా అంది. అదే మాట, అంత నిదానంగానూ అంది. గొంతు మాత్రం ఆయనది కాదు. కూతురు లేచి వెళ్ళిపోతుందేమోనని తల్లి భయపడింది గానీ, అది కదల్లేదు. భర్త చెయ్యి చాపి రిమోటు తీసుకుని బటను నొక్కాడు. పట్టీ లేచింది. ఆ పేరుని పెదాలతో చదువుకున్నాడు.

"పడింది" అన్నాడు గాలిగొంతుతో. "నీ కోడు పనిచేస్తోంది."

తిట్టినా ఆవిడ తట్టుకునేది. ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఇన్నాళ్ళకి మా వాళ్ళలో ఒకడి పేరు తెర మీద పడింది, ఆ అబ్బాయికి తెలుసో లేదో, ఫోను చేసి చెప్పు, ఉన్నంతసేపూ చూసుకుంటాడు అన్నాడు. చానెలు అమ్మాయిని అడిగి నంబరు తెప్పించేదాకా ఊరుకోలేదు. నంబరు వచ్చాక తనే ఫోను లాక్కుని తనే కలిపాడు. అవతల ఎత్తారు. ఆయన ఉత్సాహంగా తన పేరు చెప్పి, టీవీ చూడమని చెప్పబోయాడు. ఎవరండీ, ఏమీ వినపడ్డం లేదు, కాస్త గట్టిగా మాట్లాడండి అని అవతలి గొంతు అనడం పక్కనున్న ఇద్దరికీ వినిపించింది. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి గానీ మాట తేలలేదు. చివరికి నవ్వేసి ఫోను భార్యకి ఇచ్చాడు.

ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని భర్త పేరు చెప్పింది. అవతలతనికి తెలియలేదు, ఎవరండీ అన్నాడు మర్యాదగానే.

"మీకు ముందు ఆ తాబేలుకి గొంతిచ్చినాయన" అంది.

అవతల ఒక్కసారిగా మాటలు. తాను చిన్నప్పుడు ఆ గొంతు వింటూ పెరిగాడట, ఆ గొంతు వినే ఈ పనిలోకి వచ్చాడట. డబ్బింగుకి ముందు పాత ఎపిసోడ్లు ముందేసుకుని, ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఊపిరి పీలుస్తున్నారు అని పట్టి పట్టి నేర్చుకున్నాడట. ఏమంటున్నాడు అని భర్త చేత్తో సైగ చేశాడు.

"మీ దగ్గరే నేర్చుకున్నాడట" అంది ఆవిడ ఫోను కాస్త పక్కకి తీసి. ఆయన మొహం విప్పారింది. కూతురు టీవీ సౌండు తగ్గించింది.

అవతల అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. "మొదలెట్టే ముందు ఆయన్ని కలిసి ఒక్కమాట చెప్పి చేద్దామనుకున్నానండీ. ఆ పాత స్టూడియో మూసేశారు. చానెల్లో అడిగితే తెలీదన్నారు. గైడంతా వెతికాను, ఎక్కడా పేరు లేదు. ఇంకేమనుకోను, ఆయనే పేరు వద్దనుకున్నారేమో, అంత పెద్దమనసు అనుకున్నాను."

హలో, ఉన్నారా అండీ అని అతను రెండుసార్లు అడిగాడు. భర్త ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. కూతురూ చూస్తోంది.

"వద్దనుకోలేదు బాబూ" అంది ఆవిడ. "అడిగారు. నేనే పెట్టలేదు."